అరాద్ నుంచి రాని బొమ్మ

"రేంజ్ రావట్లేదు" అనే మాట చెవిన పడితే చాలు, ఇప్పటికీ నా చెయ్యి స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కుంటుంది. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఈ రోగం పోలేదు. మొన్న మా అపార్ట్‌మెంట్‌లో ఒకరింట్లో వైఫై పడకగదిలోకి రావడం లేదని విని, పిలవకపోయినా వెళ్ళాను. వాళ్ళు ఆ పెట్టెని ఇనప బీరువా వెనక పెట్టుకున్నారు. బీరువా పక్కకి జరిపించాను, వచ్చేసింది. నన్నో శాస్త్రవేత్తని చూసినట్టు చూశారు. కాఫీ కూడా ఇచ్చారు. ఆ కాఫీ నాకు గొంతు దిగలేదు. ఎందుకు దిగలేదో చెప్పడానికే కూర్చున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు చదువుతారని రాస్తున్నాను. గెలిచిన కథలు చెప్పడానికి మీకు చాలామంది ఉంటారు. నాది ఓడిన కథ. ఇందులో ఉన్న పెద్దమనిషి ఉన్నంతకాలం దీన్ని రాయలేకపోయాను. ఆయన పోయాడని ఈ మధ్యే తెలిసింది. ఇక ఆయన కంట పడదన్న ధైర్యంతో రాస్తున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ రాయను.

రెండు వేల సంవత్సరం దాటి, ఆ దశాబ్దం చివరికి వస్తున్న రోజులు. బహ్రెయిన్‌లో, మనామాలోని నయీమ్ అనే పాత పేటలో మా రేడియో రిపేరు షాపు. టాక్సీల్లో, చేపల పడవల్లో పెట్టే వైర్‌లెస్ సెట్లు బాగుచేసేవాళ్ళం. పనివాళ్ళం ఇద్దరమే. నేను టెక్నీషియన్ని, కాకినాడ వాడిని. రెండో ఆయన జగిత్యాల నుంచి మీసాలు సరిగ్గా రాని వయసులో వచ్చి, అక్కడే తల నెరిసిన ముస్లిం పెద్దాయన. పేటంతా ఆయన్ని భాయ్ అనేది. నేనూ అంతే. స్తంభాలు నిలబెట్టడం, వైర్లు లాగడం, సామాను మొయ్యడం, టీ కాయడం, షాపు వెనక గదిలో పడుకుని షాపుని కనిపెట్టుకుని ఉండడం, అన్నీ ఆయనే.

ఊళ్ళో ఆయనకి ఎవరూ లేరు. ఎప్పుడో ఒక పెళ్ళి కుదిరి తప్పిపోయింది, మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. ఉన్న ఒక్క అన్నా పోయాక ఇంటికి వెళ్ళడం కూడా మానేశాడు.

"ఊరికి పోయి ఏం జేస్త తమ్మీ? లాడ్జిల దిగాలె. ఊర్లోల్లు నన్ను జూసి దుబాయి సేటు వచ్చిండంటరు. గంతే, మల్ల ఎవ్వలు మాట్లాడరు" అనేవాడు.

అదే నయీమ్‌లో అయితే ఆయన్ని పలకరించని గుమ్మం లేదు. రొట్టెల బట్టీ దగ్గర ఇరానీవాడు, క్షవరం చేసే మలయాళీ, మసీదు మెట్ల మీద కూర్చునే ముసలి బహ్రెయినీలు, ఆఖరికి ఆ సందు పిల్లులు కూడా ఆయన చెప్పుల చప్పుడు గుర్తుపట్టేవి. "నేను పోతె ఇక్కడి మన్నులనే పెట్టుర్రి. ఖబరస్తాన్ల జాగ కూడ సూసి పెట్టిన, గోడ పక్కన, నీడ ఉంటది" అని నవ్వుతూ అనేవాడు. నవ్వుతూ అన్నా అది వేళాకోళం కాదు. ఆ మనిషికి జీవితంలో మిగిలిన కోరిక అదొక్కటే.

మా కఫీల్ మంచివాడు. మన వీసా ఎవరి పేరు మీద ఉంటే ఆయన్ని అక్కడ కఫీల్ అంటారు. మంచివాడే కానీ వ్యాపారి కాదు. షాపు ఆయనకి తండ్రి ఇచ్చింది, మనసంతా హామ్ రేడియో మీద ఉండేది. డబ్బు కోసం కాకుండా సరదాకి, ఆపదలో సాయానికి లైసెన్సు తీసుకుని ఇళ్ళ నుంచి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళని హామ్‌లంటారు. రాత్రి ఏ దేశంవాడితో మాట్లాడాడో పొద్దున్నే వచ్చి మాకు చెప్పేవాడు. చేతిలో పని ఉన్నా వినాల్సిందే.

ఒక చలికాలం పోతూ పోతూ ఉండగా ఆయన మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టుకున్నాడు. మాతో సగం హిందీ, సగం ఇంగ్లీషు మాట్లాడేవాడు. నన్ను మొహందిస్ అనేవాడు, అంటే ఇంజనీరని. నేను కాదని ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు.

"మొహందిస్, టాక్సీలవాళ్ళు అందరూ మొబైళ్ళు కొనేశారు. సెట్లు ఎవరికీ అక్కర్లేదు. ఈ ఏడాది చివరిదాకా లాగుతాను. పడవలవాళ్ళ సంఘం పని మనకొస్తే షాపు ఉంటుంది. రాకపోతే ఖలాస్."

నాకు పరవాలేదు. ఇంకో కంపెనీకి మారే వయసు నాది. భాయ్ అరవై దాటాడు. ఆ వయసువాడికి కొత్తగా వీసా ఎవరిస్తారు? షాపు మూస్తే వీసా రద్దు, వీసా రద్దయితే విమానం. భాయ్ లేచి గ్లాసులు తీసుకుని కడగడానికి వెళ్ళాడు. అవి అప్పటికే కడిగిన గ్లాసులు.

ఆ పడవలవాళ్ళ సంఘం సముద్రంలో చిక్కుకున్న జాలర్లకి సాయం చేసేది. ఫోన్లు పనిచెయ్యని రోజున కూడా తీరం నుంచి ఊళ్ళోకి కబురూ బొమ్మా వచ్చే ఏర్పాటు ఏదైనా ఉంటే చూపించమని వాళ్ళ పెద్ద మా కఫీల్‌ని అడిగాడట. ఆ ఏర్పాటు మా కఫీల్ తన హామ్ మిత్రులతో కలిసి ఉచితంగా చేసిపెడతాడు. అది నచ్చితే వాళ్ళ పడవల్లోని సెట్లన్నీ చూసుకునే పని మా షాపుకి ఇస్తారు. ఇదీ లెక్క.

అప్పట్లో హామ్‌లకి ఒక కొత్త పిచ్చి పట్టింది. ఇళ్ళలో వాడే చవక వైర్‌లెస్ రూటర్లు కొని, లోపలున్న ప్రోగ్రామ్ తీసేసి తమది ఎక్కించి, ఒక మేడ మీంచి ఇంకో మేడకి కలుపుకుంటూ పోవడం. ఒకటి ఆగిపోతే ఇంకొకదాని మీదుగా కబురు దానంతటదే దారి చూసుకుని వెళుతుంది. మెష్ అంటారు, మన చేపల వల లాంటిదే. మా వలకి అప్పటికి రెండే ముళ్ళు. ఒకటి నయీమ్‌లో మా షాపు మేడ మీద, రెండోది నీళ్ళకి అవతల అరాద్‌లో, విమానాశ్రయం పక్కన, ఒక రిటైరైన ఓడ కెప్టెన్ ఇంటి మీద. ఆ కెప్టెన్ కూడా హామే. ఇంకా పావురాలంటే ప్రాణం.

రూటరు, దాని ముందు పలకలాంటి యాంటెన్నా, రెండూ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత అరాద్ వైపు చూసేలా స్తంభానికి బిగించాం. అక్కడా అలాంటిదే, కాకపోతే వాళ్ళది పావురాల గూటి చూరు కింద నీడలో ఉంది. మొదటిరోజే కెప్టెన్ ఇంటి మీది కెమెరా బొమ్మ మా షాపులో తెర మీద పడింది. పావురాలు గింజలు తింటున్నాయి. వెనక సముద్రం.

భాయ్ తెరకి ముక్కు ఆనించి చూశాడు. "అరే, గా తెల్లదాని కాలుకు దారం గట్టిండు, సూడు తమ్మీ! ఇంత మంచిగ కనవడుతుందా!" అని పకపకా నవ్వాడు. ఆయన నవ్వు ఎందుకో నాకు తెలుసు. పావురాల కోసం కాదు, ఖబరస్తాన్ గోడ నీడ కోసం.

సంఘం పెద్ద వేసవంతా చల్లని దేశాలకి వెళ్ళిపోయే మనిషి. ఎండలు తగ్గాక వచ్చి చూస్తానన్నాడు. ఇంకేం, బోలెడంత సమయం ఉందని సంబరపడ్డాం. అక్కడే దెబ్బతిన్నాం.

బహ్రెయిన్ ఎండ మీకు తెలీదు. మధ్యాహ్నం మేడ మీద పానా పెట్టి మరిచిపోతే మళ్ళీ పట్టుకోలేం. ఎండలు ముదిరేసరికి మా డబ్బాలో రూటరు ఉడికిపోయి, రోజూ మిట్టమధ్యాహ్నం బిగుసుకుపోయేది. కరెంటు తీసి మళ్ళీ ఇస్తేనే కదిలేది. "ఏం చేద్దాం భాయ్?" అంటే ఆయన మేడ ఎక్కి చూసి వచ్చాడు. మర్నాడు నేను డ్యూటీకి వచ్చేసరికి డబ్బా తళతళలాడుతోంది. నీళ్ళ ట్యాంకులు వేడెక్కకుండా అక్కడ మేడల మీద వేస్తారే, ఆ వెండిరంగు పెయింటు. మా మేడ మీద ట్యాంకుకి వేసింది కూడా ఆయనే.

"ట్యాంకిల నీల్లే సల్లగుంటె, గీ డబ్బ ఉండదా?" అన్నాడు.

నిజంగానే చల్లబడింది. రూటరు బిగుసుకుపోవడం ఆగిపోయింది. నేను భాయ్‌ని కావలించుకున్నాను. కఫీల్ వచ్చి చూసి "మొహందిస్ నువ్వు కాదు, ఇతను" అన్నాడు. భాయ్ ఆ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు.

మర్నాడే పెద్ద దుమ్ము తుఫాను వచ్చింది. ఆకాశం గోధుమరంగుకి తిరిగి, అరాద్ వైపు ఏమీ కనబడలేదు. బొమ్మ కూడా ముక్కలు ముక్కలైపోయింది. దుమ్ము కదా అనుకున్నాం. దుమ్ము పోయింది, బొమ్మ మాత్రం బాగుపడలేదు. సిగ్నల్ ఎంత పడిపోయిందంటే, పావురాలు నాలుగు రంగుల గళ్ళలా కనబడి మాయమయ్యేవి.

ఇక మొదలైంది మా భాగోతం. హామ్ మిత్రులు ఒక్కొక్కరే వచ్చి తలా ఒక కారణం చెప్పి, టీ తాగి వెళ్ళేవారు. గాలిలో తేమ అని ఒకరు. విమానాశ్రయం రాడార్ అని ఒకరు. సముద్రం ఒడ్డున కొత్తగా లేస్తున్న భవనం అడ్డమని ఇంకొకరు. ఆ భవనం దారిలో లేదని మ్యాపులో చూపిస్తే, ఉన్నట్టే అన్నాడాయన. నాకు అనుమానం ఉప్పుగాలి మీద. వైరు కొసల్లో పచ్చని చిలుము పట్టి ఉంటుందని అన్నీ కోసి కొత్తవి వేశాను. రూటరు మార్చాను. యాంటెన్నా మార్చాను. అరాద్ వెళ్ళి కెప్టెన్ పావురాల్ని బెదరగొట్టి, ఆయన చేత తిట్లు తిని అక్కడివీ మార్చాను. డబ్బాలో ఉన్న ప్రతిదీ మార్చాం. డబ్బా మార్చలేదు. అది బాగానే ఉంది కదా, మొన్నే రంగు కూడా వేశాం.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ల్యాప్‌టాప్ తగిలించే చోటు డబ్బా లోపల ఉంది. కాబట్టి మేడ మీద పరీక్ష చెయ్యాలంటే మూత తియ్యాలి. నేను నిచ్చెన ఎక్కి మూత తీస్తాను, భాయ్ కింద నిచ్చెన పట్టుకుంటాడు. మూత తీసి చూస్తే సిగ్నల్ బ్రహ్మాండం. "వచ్చేసింది భాయ్!" అంటాను. మూత వేస్తాను, స్క్రూలు బిగిస్తాను, ఇద్దరం చెమటలు కక్కుకుంటూ మెట్లు దిగి, చేతులు కడుక్కుని తెర ముందు కూర్చుంటాం. పోయి ఉంటుంది. మళ్ళీ ఎక్కి మూత తీస్తే వస్తుంది. దిగితే పోతుంది.

ఇలా ఎన్నిసార్లు ఎక్కి దిగామో లెక్కలేదు. చివరికి నాకు తట్టింది, లేక తట్టిందనుకున్నాను. మూత తీస్తే లోపలి వేడి బయటికి పోతోంది, అందుకే పనిచేస్తోంది. వేస్తే మళ్ళీ వేడెక్కి సిగ్నల్ పడిపోతోంది. వేడే శత్రువు! కఫీల్‌కి చెబితే సరిగ్గా ఉందన్నాడు. కెప్టెన్ ఫోన్‌లో తనకి ముందే తెలుసన్నాడు. అందరికీ నచ్చిన కారణం దొరికితే మనిషికి ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. డబ్బా కింద చిల్లులు పొడిచి చిన్న ఫ్యాను పెట్టాను. భాయ్ ఊరుకుంటాడా?

"మల్లొక్క కోటు ఎయ్యాలె తమ్మీ. ఒక్క కోటుతోని ఏమైతది" అన్నాడు. ఆ పైవారం ఇంకొకటి. మూత మీద అయితే ఇంకా మందంగా, ఎండ తగిలేది దానికే కదా అని. పక్కకి కారకుండా, గీత పడకుండా, ఎంత ఓపికగా వేసేవాడో. నేను కింద నిలబడి "ఆ మూలన మిగిలింది చూడండి భాయ్" అని చూపించేవాణ్ణి కూడా.

వేసవంతా ఇలాగే గడిచింది. భాయ్ ఈలలు తగ్గిపోయాయి. ఒకరోజు టీ ఇస్తూ, "తమ్మీ, మనం ఏమో తప్పు జేస్తున్నం. ఏందో అర్థమైతలేదు. నువ్వు సదువుకున్నోనివి, సూడు మల్ల. నేనేడికి పోత?" అన్నాడు. ఎప్పుడూ నవ్వుతూ అనే మాట ఆ రోజు నవ్వకుండా అన్నాడు. "ఎండలు తగ్గితే అదే సర్దుకుంటుంది భాయ్" అన్నాను. నేను నమ్మే అన్నాను.

ఎండలు తగ్గుముఖం పట్టాయి. సంఘం పెద్ద తిరిగివచ్చాడు. రోజు ఖాయమైంది. ముందురోజు మూత తీసి చూసుకున్నాను. అద్భుతంగా ఉంది. పెద్దలు మేడ ఎక్కి పరికరాలు చూస్తారు, మూత తెరిచిపెడితే బాగోదు అన్నాడు కఫీల్. వాతావరణం చల్లబడింది కదా, ఇక భయం లేదనుకుని మూత వేసి బిగించేశాను, మళ్ళీ కింద తెర చూసుకోలేదు. నేను దిగాక భాయ్ మేడ మీదే ఉండిపోయాడు. సాయంత్రం దిగి వచ్చేసరికి ఆయన గోళ్ళ నిండా వెండి. "పెద్దోల్లు వస్తున్నరు గద, మెరవాలె" అన్నాడు.

వాళ్ళు పొద్దున్నే వచ్చారు. తోబులనే తెల్లటి పొడుగు అంగీల్లో ముగ్గురు పెద్దమనుషులు. మేడ ఎక్కి చూసి మెచ్చుకున్నారు. వాళ్ళలో ఒకాయన తలెత్తి డబ్బా వైపు వేలు చూపించి "మాషా అల్లా, భలే శుభ్రంగా ఉంది" అన్నాడు. భాయ్ మొహం వెలిగిపోయింది. కిందికి దిగి తెర ముందు కూర్చున్నారు. అరాద్‌లో కెప్టెన్ కెమెరా ముందు కొత్త బట్టలు వేసుకుని నిలబడి ఉన్నాడని మాకు ఫోన్‌లో తెలుసు. తెర మీద మాత్రం ఒక గోధుమరంగు గడి, పక్కన ఒక నీలం గడి. అవి కాసేపు కొట్టుకున్నాయి, ఆగిపోయాయి, తెర నల్లబడింది.

కఫీల్ ఏదేదో చెబుతూ నవ్వాడు. భాయ్ చిన్న ఫింజాన్ కప్పుల్లో అరబ్బు కాఫీ పోశాడు. అక్కడి మర్యాద మీకు తెలియాలి. అతిథి కప్పు ఖాళీ చేసి ఊరికే చాపితే మళ్ళీ పోస్తారు. ఇక చాలనుకుంటే కప్పుని వేళ్ళ మధ్య అటూ ఇటూ ఊపి ఇస్తాడు. ఇష్టంగా కూర్చున్నవాళ్ళు రెండోసారి, మూడోసారి పోయించుకుంటారు. సంఘం పెద్ద మొదటి కప్పు తాగి ఊపేశాడు. భాయ్ ఆ కాఫీ కూజా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నలభై ఏళ్ళకి పైగా ఆ దేశంలో కాఫీ పోస్తున్న మనిషి. అందరికంటే ముందు ఆయనకే అర్థమైంది.

నేను ఆగలేకపోయాను. స్క్రూడ్రైవర్ పట్టుకుని మెట్లెక్కి పరిగెత్తాను. నిచ్చెన ఎక్కి స్క్రూలు ఊడదీసి, మూత లాగేశాను. మెట్ల దారిలోంచి భాయ్ కేక వినబడింది.

"వచ్చింది తమ్మీ! వచ్చింది! కెప్టెన్ సాబ్ కనవడుతుండు! ఓ సాబ్, రుకో సాబ్, దేఖో!"

పిట్టగోడ మీంచి వంగి చూశాను. వాళ్ళ కారు సందు మలుపు తిరుగుతోంది. భాయ్ షాపు గుమ్మంలోంచి వీధిలోకి వచ్చి చెయ్యి ఊపుతున్నాడు. ఇంకో చేతిలో ఆ కూజా అలాగే ఉంది.

అంతే, అయిపోయింది. మళ్ళీ రమ్మని కఫీల్ రెండుసార్లు వెళ్ళి అడిగాడు. చూద్దామన్నారు. ఆ పని ఇంకెవరికో ఇచ్చేశారని కొన్నాళ్ళకి తెలిసింది. షాపు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాం. నాకు ఈసా టౌన్ దగ్గర ఒక కంపెనీలో పని కుదిరింది. భాయ్ కోసం నేనూ, కఫీలూ చాలాచోట్ల తిరిగాం. వయసు వినగానే అందరూ తలలు అడ్డంగా ఊపారు. కఫీల్ తన ఇంట్లో కాపలా పని పేరుతో ఉంచుకోవాలని కూడా చూశాడు, వీసా ఆఫీసులో ఒప్పుకోలేదు. వీసా రద్దు కాగితం వచ్చింది.

భాయ్ కింద సామాను కట్టుకుంటూ ఉండగా, స్తంభం విప్పడానికి నేనొక్కణ్ణే మేడ ఎక్కాను. చలికాలం వచ్చేసింది, మబ్బు పట్టి ఉంది. స్వెటర్ వేసుకున్నాను కూడా. ఎందుకో చివరిసారి చూద్దామని మూత తీసి ల్యాప్‌టాప్ పెట్టాను. వైరు తియ్యకుండానే మూతని ముందు ఆనించి కళ్ళ ముందే సిగ్నల్ చూడొచ్చని అప్పుడు తోచింది. మూత ఆనించాను. సిగ్నల్ ధభాల్న పడిపోయింది.

చల్లటి రోజు. డబ్బా చల్లగా ఉంది. వేడెక్కడానికి ఒక్క నిమిషమైనా గడవలేదు.

మూత తీశాను, లేచింది. పెట్టాను, పడింది. నా చేతిలో ఉన్న మూతని తిప్పి చూశాను. కోటు మీద కోటు, అంచుల దాకా, తళతళలాడే వెండిరంగు. ఆ రంగులో ఉండేది అల్యూమినియం పొడి. నేను ఒక లోహపు తలుపుని యాంటెన్నాకి ఎదురుగా మూసి, అరాద్ నుంచి సిగ్నల్ రాలేదేమని వేసవంతా ఏడ్చాను. షాపు సామాన్లలో రంగు వెయ్యని పాత మూత ఒకటుండాలని గుర్తొచ్చింది. తెచ్చి పెట్టాను. సిగ్నల్ ఇసుమంత కూడా తగ్గలేదు. తెర మీద పావురాలు గింజలు తింటున్నాయి. తెల్లదాని కాలికి దారం.

నేను ఆ మేడ మీద నీళ్ళ ట్యాంకుకి ఆనుకుని కూలబడిపోయాను. ఆ ట్యాంకు కూడా వెండిరంగే. ఇంత దుఃఖం నాకు ఆ తరవాత ఎప్పుడూ రాలేదు. ఏ చెయ్యి తప్పు చేసిందని తిట్టుకోను? ఆ షాపు నిలబడాలని మాలో అందరికంటే ఎక్కువ కోరుకున్న చెయ్యే ఆ కుంచె పట్టుకుంది. మేం ఎంత భయపడితే ఆయన అంత మందంగా వేశాడు. పెద్దలు వచ్చేరోజుకి మెరవాలని ఇంకొకటి వేశాడు.

సాయంత్రం కఫీల్ ఒంటరిగా దొరికితే చెప్పాను. రెండు మూతలూ చూపించాను. ఆయన వెండి మూతని గోటితో గీకి చూసుకున్నాడు. హామ్‌గా ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషి, ఆయనకీ ఒక్కసారి తట్టలేదు.

"అతనికి తెలుసా?" అని అడిగాడు.

"తెలీదు."

"తెలియకూడదు, మొహందిస్. ఎప్పటికీ." ఆ మూతని తన కారు డిక్కీలో పెట్టుకుని తీసుకెళ్ళిపోయాడు. ఏం చేశాడో నేను అడగలేదు.

విమానాశ్రయానికి భాయ్‌ని నేనే తీసుకెళ్ళాను. నయీమ్ సందులో కారుని కదలనివ్వలేదు జనం. ఇరానీవాడు వేడి రొట్టెలు కాగితంలో చుట్టి ఒళ్ళో పెట్టాడు. ముసలి బహ్రెయినీలు తల మీద ముద్దు పెట్టుకున్నారు. ఖబరస్తాన్ గోడ పక్కనుంచి వెళ్ళాల్సి వచ్చినప్పుడు ఆయన ఇటువైపు తిరిగి నాతో ఏదో మాట్లాడడం మొదలుపెట్టాడు. వంతెన దాటి అరాద్ దగ్గరికి వచ్చాక మాత్రం అద్దం దించాడు.

"గా కబూతర్ల గూడు గదేనా, కెప్టెన్ సాబ్‌ది?"

"అదే భాయ్."

గూడు కనుమరుగయ్యాక అద్దం ఎత్తాడు. దిగాక, పెట్టె బండి మీద పెట్టాక, నా చెయ్యి పట్టుకున్నాడు. గోళ్ళ మూలల్లో వెండి ఇంకా పూర్తిగా పోలేదు.

"ఒక్క మాట అడుగుత తమ్మీ. నువ్వు డబ్బ విప్పినవు గద. నిజం జెప్పు. నా దిక్కు నుంచి ఏమన్న తక్కువైందా? ఎండ గిట్ల లోపలికి పోయిందా? తేమ పట్టిందా?"

పిల్లలూ, లోపం ఎక్కడ దొరికితే అక్కడ దొరికిందని చెప్పాలని మీకు నేర్పుతారు. నేనూ నా కింద పనిచేసినవాళ్ళందరికీ అదే నేర్పాను. ఆ రోజు నా జన్మలో మొదటిసారి దొరికిన లోపాన్ని మింగేశాను.

"లేదు భాయ్. లోపల ఒక్క చుక్క తేమ లేదు. చల్లగా ఉంది. కొత్తదానిలా ఉంది."

ఆయన ఊపిరి వదిలాడు. "నాకెర్క. నేను జేసినంక గట్ల కాదు" అన్నాడు. మొహంలో ఒక తృప్తి, ఎంత తృప్తి అంటే నేను పక్కకి తిరగాల్సి వచ్చింది. బండి తోసుకుంటూ లోపలికి వెళ్ళబోతూ మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"మర్సిపోయిన. షాపు ఎనక అలమార్ల చాందీ రంగు ఇంక సగం డబ్బ మిగిలున్నది. పారెయ్యకు, మంచిది. నువ్వు ఏడ డబ్బ పెట్టినా, వచ్చే ఎండకాలం మతికి వెట్టుకొని ఒక కోటు ఎయ్యి."

"వేస్తాను భాయ్" అన్నాను.